మరియొక బ్రౌను

బ్రౌను అను పేరు వినగానే తెలుగు చదివినవారికి స్ఫురించువాడు ఒక్కడే. మూలబడియున్న తాళపత్రములను సేకరించి, వేమన పద్యములను వెలికి దెచ్చి, నిఘంటువు కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు. ఆ మహనీయుని గూర్చి వ్రాయుట నాబోటి తెలుగు ఉపాధ్యాయునకు సహజము. కాని నేడు నేను వ్రాయబోవు బ్రౌను ఆయన కాదు. ఈయన ఒక్క తెలుగక్షరమైనను ఎరుగడు. అమెరికా దేశమున బొగ్గుగనిలో పనిచేసి, పిమ్మట బంతి విసరి పేరు గడించినవాడు. ఇట్టివాని కథ తెలుగు పండితుని కలమునకు ఎట్లు వచ్చినదని మీరు ఆశ్చర్యపడవచ్చును. మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అడిగిన ప్రశ్నయే అందుకు కారణము. ఆనాడు నేను సమాధానము చెప్పలేకపోయితిని. ఆ ఋణము తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

గడచిన సంవత్సరము మా వ్యాయామోపాధ్యాయులు ఒక బేస్‌బాల్ బంతిని పాఠశాలకు తెచ్చిరి. మన హోసూరు ప్రాంతపు పిల్లలకు క్రికెట్టు తెలియును, కబడ్డీ తెలియును. ఈ బంతి మాత్రము క్రొత్తది. తెల్లని తోలు, దానిపై గుర్రపు లాడమువలె వంగిన ఎర్రదారపు కుట్లు. పిల్లలు చేతినుండి చేతికి మార్చుకొనుచు కుట్లను లెక్కబెట్టిరి. జంట కుట్లు సరిగా 108 ఉన్నవి. "అష్టోత్తరం!" అని ఒకడు కేకవేయగా అందరును నవ్విరి.

ఆ సాయంకాలము ఆ ఆటను గూర్చి చదువుచుండగా మోర్డెకై బ్రౌను కథ నా కంట బడినది. బాల్యమున పశువుల మేత తరుగు యంత్రములో పడి చేతివ్రేలు పోగొట్టుకొన్నవాడు, ఆ చేతితోనే బంతి విసరి, తన కాలపు మేటి ఆటగాళ్ళలో ఒకడయ్యెను. మరుసటి సోమవారము ప్రార్థన సభలో మాట్లాడవలసిన వంతు నాది. ఇంతకన్న చక్కని కథ దొరకునా? నేను దానిని ఉత్సాహముగా చెప్పితిని. "కావున, పిల్లలారా, లోపమే వరమగును" అని ముగించితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. తోడి ఉపాధ్యాయులు బాగున్నదనిరి. నాకును బాగుగనే యున్నట్లు తోచెను.

మధ్యాహ్న భోజన విరామమున ఆ బాలిక నా యొద్దకు వచ్చెను. కడిగిన పళ్ళెము చేతిలోనే యున్నది.

"అయ్యవారూ, అయితే వేలు పోవడం మంచిదేనా?"

"అట్లా కాదమ్మా..." అని నేను ఆరంభించితిని.

"మా అన్న వేలు కూడా మేత మిషన్లోనే పోయింది. వాడికేం రాలేదు."

ఆమె కంఠమున ఆక్షేపణ లేదు. లెక్కలో ఒక మెట్టు అర్థము కాక అడిగిన పిల్లవలె అడిగినది. ఇంతలో గంట మ్రోగెను. ఆ గంట నన్ను కాపాడినది.

కాని ఎంతసేపు కాపాడును? ఆమె అన్న నా శిష్యుడే. నాలుగేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతిలో నా యెదుట మూడవ బల్లపై కూర్చుండెడివాడు. సెలవులలో చొప్ప తరుగుచుండగా కుడిచేతి చూపుడు వ్రేలు తెగినదని విని, అయ్యో అనుకొంటిని. ఆసుపత్రినుండి వచ్చిన పిమ్మట కొన్నాళ్ళు బడికి వచ్చెను, వ్రాయలేకపోయెను, మానివేసెను. హాజరు పట్టికలో వాని పేరుపై ఎర్రసిరాతో గీత గీచినది నేనే. ఆ రాత్రి నాకు ఆ గీత జ్ఞప్తికి వచ్చినది. అప్పుడు మోర్డెకై బ్రౌను చరిత్రను రెండవసారి, ఈసారి నెమ్మదిగా, చదువ నారంభించితిని.

మొదట ఆటను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. బేస్‌బాల్ ఆటలో బంతి విసరువానిని పిచర్ అందురు. క్రికెట్టులో వలె పరుగెత్తుకొని వచ్చి బంతిని నేలపై బడవేసి లేపుట ఇందులేదు. చిన్న మిట్టపై నిలిచి, 60 అడుగుల 6 అంగుళముల దూరమున నున్న గమ్యస్థానము మీదికి బంతిని నేరుగా గాలిలో విసరవలెను. ఎదుట బ్యాటర్ గుండ్రని కర్ర పట్టుకొని నిలుచును. వేగముగా వచ్చు బంతిని కొట్టవలెనో మానవలెనో నిర్ణయించుకొనుటకు అతనికి అరసెకను కాలమైనను ఉండదు. ఒక్కొక్క జట్టుకు తొమ్మిది ఇన్నింగ్సులు. పిచరు సామర్థ్యమును కొలుచుటకు ఒక లెక్క కలదు: క్షేత్రరక్షకుల పొరపాట్ల వలన వచ్చినవి విడిచి, తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున అతడు ఎన్ని పరుగులు ఇచ్చినాడు? ఈ సంఖ్య ఎంత తక్కువైన అంత గొప్ప.

మోర్డెకై పీటర్ సెంటెన్నియల్ బ్రౌను 1876వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన ఇండియానా రాష్ట్రములోని నైస్‌విల్ అను పల్లెలో జన్మించెను. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ఆ యేటికి సరిగా నూరేండ్లు నిండుటచేత శతాబ్ది అను అర్థమిచ్చు సెంటెన్నియల్ అను మాటను తల్లిదండ్రులు అతని పేరులో చేర్చిరి. వారిది వ్యవసాయ కుటుంబము. చిన్నతనమున మేత తరుగు యంత్రములో అతని కుడిచేయి చిక్కుకొన్నది. చూపుడు వ్రేలు తెగిపోయి మొండి మాత్రము మిగిలెను. చిటికెన వ్రేలు చచ్చుబడెను. గాయము మానక మునుపే బాలుడు మరల పడి అదే చేతిని విరుగగొట్టుకొనగా, నడిమి వ్రేలు వంకరగా అతుకుకొన్నది.

ఈ భాగమును నేను ప్రార్థన సభలో చెప్పితిని. దీని తరువాత ఒక్క గంతులో ప్రపంచ ప్రసిద్ధి దగ్గరకు దుమికితిని. నడుమ ఇరువది సంవత్సరములు ఉన్నవని నేను గమనింపలేదు. కథకులము మేమందరము చేయు తప్పు ఇదియే. పిల్లవాడు పడుటయు, వీరుడు లేచుటయు చెప్పుదుము. నడుమ అతడు ఏమి చేసెనో, ఎవరు చేయి పట్టిరో చెప్పము.

ఆ నడిమి సంవత్సరములలో జరిగినది ఇది. బాలుడు కొట్టము గోడపై గురి చూచుకొని రాళ్ళు విసరుచుండెడివాడని చెప్పుదురు. యౌవనము రాగానే బొగ్గుగనిలో పనికి కుదిరెను. ఇండియానా పల్లెలలో గనిపనివారికి స్వంత బేస్‌బాల్ జట్లు ఉండెడివి. పగలు గనిలో బొగ్గు, సెలవునాడు మైదానములో ఆట. ఆటలో ఆరితేరిన పెద్ద యొకడు అతనికి మెలకువలు నేర్పెను. జట్టులో మొదట అతని స్థానము మూడవ బేసు వద్ద కాపలా. 1898 ప్రాంతమున ఒకనాడు జట్టు పిచరు బంతి విసరలేని పరిస్థితి కలిగినది. అప్పుడు బంతి బ్రౌను చేతికి వచ్చెను.

ఆ చేతినుండి వెడలిన బంతి ఇతరుల బంతులవలె పోలేదు. పిచరులు సాధారణముగా చూపుడు వ్రేలితోను నడిమి వ్రేలితోను బంతిని అదిమి విడుతురు. బ్రౌనుకు ఆ రెండింటిలో ఒకటి మొండి, రెండవది వంకర. వానికి ఒదుగునట్లు అతడు తన పట్టును తానే కల్పించుకొనవలసి వచ్చెను. ఆ పట్టునుండి బంతి విపరీతముగా గిరగిర తిరుగుచు వెడలెడిది. ముందువైపునకు దొర్లునట్లు తిరుగుచు పోవు బంతిని చుట్టునున్న గాలి క్రిందికి త్రోయును. ఇది భౌతికశాస్త్ర ధర్మము. అందుచేత అతని వంపుబంతి బ్యాటరును సమీపించిన పిదప కాళ్ళక్రింద గోయి త్రవ్వినట్లు దిగిపోయెడిది. టై కాబ్ అను మహా బ్యాటరు తాను ఎదుర్కొన్న వంపుబంతులలో అదియే మిక్కిలి ఘోరమైనదని చెప్పెనని ప్రసిద్ధి.

అయినను పెద్ద జట్లు అతనిని వెంటనే పిలువలేదు. 1901లో టెర్రె హోట్ పట్టణపు జట్టులోను, 1902లో ఒమాహా జట్టులోను ఆడి, 1903లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టున అడుగు పెట్టునప్పటికి అతనికి ఇరువదియారు సంవత్సరములు. ఆ యేడు 9 ఆటలు గెలిచి 13 ఓడెను. సంవత్సరాంతమున ఆ జట్టువారు అతనిని వదలుకొని, చికాగో కబ్స్ జట్టునుండి మరియొక పిచరును తీసికొనిరి. వదలుకొన్నది ఎట్టి నిధియో వారికి త్వరలోనే తెలిసివచ్చెను.

1906లో బ్రౌను 26 ఆటలు గెలిచి 6 మాత్రమే ఓడినాడు. ఇంతకుముందు చెప్పిన సగటు లెక్క ఆ యేడు అతనికి 1.04. 1900 తరువాత నేషనల్ లీగులో ఒక సంవత్సరమునకు ఇంతకంటె తక్కువ సంఖ్యను ఇంతవరకు ఎవ్వరును సాధింపలేదు. ఆ యేడు కబ్స్ జట్టు 116 ఆటలు గెలిచెను. అయినను ప్రపంచ పోటీలో, అదే నగరమునకు చెందిన వైట్ సాక్స్ జట్టు చేతిలో ఓడిపోయెను. నిర్ణాయకమైన చివరి ఆటలో ఓడినవాడు బ్రౌనే. 1907లో కబ్స్ వారు డెట్రాయిట్ జట్టును జయించి ప్రపంచ విజేతలైరి. చివరి ఆటలో బ్రౌను ప్రత్యర్థులకు ఒక్క పరుగైనను ఇయ్యలేదు.

1908 సంగతి వేరుగా చెప్పవలసినది. ఆ సెప్టెంబరు 23న కబ్స్ జట్టునకును న్యూయార్క్ జయింట్స్ జట్టునకును జరిగిన ఆట వివాదములో పడి, సమముగా ముగిసినట్లు తీర్మానింపబడెను. సంవత్సరాంతమున ఉభయ జట్లును సమానముగా నిలుచుటచేత అక్టోబరు 8న ఆ ఆటను న్యూయార్క్‌లో మరల ఆడవలసి వచ్చెను. జయింట్స్ పక్షమున క్రిస్టీ మాథ్యూసన్. విశ్వవిద్యాలయమున చదివినవాడు, అందగాడు, దేశమంతటికిని ఆరాధ్యుడు. ఇటువైపు గనిపనివాడైన బ్రౌను. అతడు ఆడినచో ప్రాణము తీసెదమని బెదిరింపు జాబులు వచ్చెనని చెప్పుదురు. కబ్స్ వారు మొదట వేరొక పిచరును దించిరి. మొదటి ఇన్నింగ్సులోనే అతడు తడబడెను. కిక్కిరిసి కేకలు వేయుచున్న జనము నడుమనుండి బ్రౌను నడచి వచ్చి బంతి నందుకొనెను. మిగిలిన ఆట అంతయు తానే విసరి ఒక్క పరుగు మాత్రమే ఇచ్చెను. కబ్స్ 4–2తో గెలిచి, ఆ వెనుక ప్రపంచ పోటీని కూడ గెలిచిరి. మరల ఆ జట్టు ప్రపంచ విజేత యగుటకు 2016 వరకు, అనగా 108 సంవత్సరములు, వేచియుండవలసి వచ్చెను. బంతిపై కుట్లును 108, నిరీక్షణ సంవత్సరములును 108 అని చెప్పగా మా అష్టోత్తరపు బాలుడు మిక్కిలి సంతోషించెను.

1906 మొదలు 1911 వరకు వరుసగా ఆరు సంవత్సరములు ప్రతి యేడును ఇరువదికి తక్కువ గాకుండ ఆటలు గెలిచినవాడు బ్రౌను. మొత్తము మీద 239 గెలుపులు, 130 ఓటములు, జీవితకాలపు సగటు 2.06. పత్రికలవారు అతనికి మూడు వ్రేళ్ళ బ్రౌను అని పేరు పెట్టిరి. వాస్తవమునకు బొటనవ్రేలితో కలిపి నాలుగు వ్రేళ్ళును ఒక మొండియు ఉండెను! తోడి ఆటగాళ్ళు మాత్రము అతనిని గనివాడు అను అర్థము వచ్చునట్లు మైనర్ అని పిలిచెడివారు. ఈ రెండు పేర్ల భేదము నాకు మిక్కిలి నచ్చినది. దూరమునుండి చూచినవారు లేని వ్రేలిని చూచి పేరు పెట్టిరి. దగ్గర నున్నవారు అతడు చేసిన పనిని చూచి పిలిచిరి.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు వచ్చెదను. ఆమె అడిగిన ప్రశ్నను జనులు బ్రౌనునే అడిగిరట! వ్రేలు లేకుండుట మీ ఆటకు మేలు చేసినదా అని. అందుకు అతడు ఇచ్చిన సమాధానపు తాత్పర్యము ఇది: అది తెలియవలెనన్నచో సరియైన చేతితో విసరి చూడవలెను, అట్లు ఎన్నడును విసరి చూడలేదు కదా!

నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. ఆ మనుష్యుడు తన చేతిని గూర్చి తాను పలుకని మాటను, ఆ చేతిని చూడనైనను చూడని నేను, మూడువందల మంది పిల్లల యెదుట పలికితిని. లోపము వరమని అతడు చెప్పలేదు. శాపమనియు చెప్పలేదు. ఉన్న చేయి ఇది. దీనితోనే విసరితిని అని మాత్రము చెప్పెను.

నేను ఆ మాటను అంత సులభముగా ఎందుకు పలికితినో కూడ ఆ రాత్రి నాకు తెలిసినది. నేను ఈ సరిహద్దు పల్లెలోనే పుట్టి, తమిళ రాష్ట్రములో తెలుగు చదివి, పండిత శిక్షణకు పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమునకు వెళ్ళితిని. మొదటి దినమున భోజనశాలలో వడ్డించువాడు అన్నము మరల వేయబోగా "సాకు, సాకు" అంటిని. మన ఇండ్లలో చాలునను అర్థమున కన్నడపు మాటను వాడుదుము కదా! అచ్చటివారికి సాకు అనగా నెపము. "ఏం సాకయ్యా, తినకుండా తప్పించుకోవడానికా?" అని బల్లచుట్టు నున్నవారు పగులబడి నవ్విరి. ఏడాది పొడుగునను నా పేరు సాకు. ఇచ్చట తమిళుల నడుమ నేను తెలుగువాడను. అచ్చట తెలుగువారి నడుమ నేను అరవవాడను. ఆ చిన్నతనమును మ్రింగుకొనుటకు నాకొక మందు కావలసి వచ్చెను. ఈ లోపమే నాకు వరము, మూడు భాషలు వచ్చినవాడను, వీరికంటె నేనే అధికుడను అని నాకు నేను చెప్పుకొనుచు వచ్చితిని. ఆ మందునే పిల్లలకు పంచితిని. తనకు పనిచేసిన మందు అందరికిని పనిచేయునని తలచువాడు వైద్యుడు కాడు.

ఆదివారమునాడు ఆ బాలిక ఇంటికి వెళ్ళితిని. తండ్రి నన్ను చూచి కంగారుపడి మంచము వాల్చెను. ఆమె యేదైన తప్పు చేసినదా అని ఆయన భయము. కాదని చెప్పి, కుశలము లడిగితిని. కాఫీ త్రాగిన పిమ్మట ఆయనయే జేబులోనుండి మడత కాగితమొకటి తీసెను. కూతురి టి.సి. కొరకు వ్రాయించిన అర్జీ.

"పెద్దోడి చదువు అట్లా పోయింది అయ్యవారూ. దీన్నైనా ఇంగ్లీషు బడిలో వేస్తామని. మీరు బయటి రాష్ట్రానికి పోయి చదువుకొని వచ్చినారు. తెలుగులో కాకుండా ఇంగ్లీషులోనే చదివింటే మీరు ఇంకా పైకి పోయింటారు కదా సామీ? నిజం చెప్పండి."

ఇట్టి ప్రశ్నకు మామూలుగా నా యొద్ద సిద్ధమైన ఉపన్యాస మొకటి ఉండెడిది. మాతృభాష తల్లిపాల వంటిదని మొదలుపెట్టుదును. ఆనాడు అది నోటికి రాలేదు.

"తెలియదన్నా. ఇంగ్లీషులో చదివి చూసినవాణ్ణి కాదు. ఒక్క బ్రతుకులో రెండు విధాలా చదివి చూడలేం కదా! పైకి పోయేవాణ్ణేమో, ఇంకా క్రింద ఉండేవాణ్ణేమో. తెలుగులో ఏమి నేర్చుకున్నానో అది మాత్రం చెప్పగలను" అంటిని.

ఆయన ఆశ్చర్యముతో నా ముఖము చూచెను. ఉపన్యాసమునకు సిద్ధపడియున్నవానికి తెలియదు అను మాట వినబడినది. తరువాత మే మిరువురమును తెలుగు బడిలో పిల్లకు ఏది దొరకుచున్నది, ఏది దొరకుట లేదు, పదవ తరగతి తరువాత ఏ దారులున్నవి, ఇంగ్లీషులో ఆమె ఎచ్చట వెనుకబడినది అని ఒక గంటసేపు మాట్లాడుకొంటిమి. ఇన్ని సంవత్సరములలో ఒక తండ్రితో నేను ఇంత నిజముగా మాట్లాడియుండలేదు.

చీకటి పడుచుండగా పెద్దవాడు పనినుండి వచ్చెను. గులాబీ తోటలో పూలు కట్టలు కట్టు పని వానిది. నన్ను చూచి తలవంచుకొని కుడిచేయి వెనుకకు పెట్టుకొనెను. ఆ కదలిక నా గుండెలో గుచ్చుకొన్నది. ఇంటి కొరకు తెచ్చిన విడిపూలు కొన్ని ఉండగా, కట్ట ఎట్లు కట్టుదువో చూపుమంటిని. మొదట సిగ్గుపడెను. పిమ్మట కూర్చుండి, కాడలను ఎడమ అరచేత సరిచేసి, దారమును కుడి బొటనవ్రేలికిని నడిమి వ్రేలికిని నడుమ బిగించి, మొండివ్రేలితో అదిమిపట్టి రెప్పపాటులో ముడివేసెను. నా కన్ను ఆ వేగమును అందుకొనలేదు.

"ఈ పట్టు ఎవరు నేర్పినారప్పా?"

"ఎవరూ లేరు సార్. అట్లా చేస్తూ చేస్తూ వచ్చింది."

ఎవరును లేరు. ఆ మాటయే నాకు తీర్పు. బ్రౌనుకు మెలకువలు చెప్పిన పెద్ద యొకడు ఉండెను. ఒకనాడు బంతిని అతని చేతికిచ్చిన జట్టు ఒకటి ఉండెను. వ్రేలు తెగుట ఇద్దరికిని జరిగినదే. తరువాత జరుగవలసినదే ఒకనికి జరిగెను, మరియొకనికి జరుగలేదు. ఈ బాలునకు నేర్పవలసినవాడు ఎక్కడనో లేడు. ఎర్రసిరా కలము చేతబట్టుకొని తరగతిలోనే కూర్చుండియుండెను. చూపుడు వ్రేలు లేకుండ కలము పట్టుట అసాధ్యము కాదని నాలుగేండ్ల క్రిందట ఈ యింటికి వచ్చి చెప్పుటకు నాకు పట్టు కాలము అరగంట. ఆ అరగంట నేను వెచ్చింపలేదు. తరువాత సభలో నిలిచి లోపమే వరమంటిని.

నా జేబులోని కలము తీసి ఇచ్చి, దారమును పట్టినట్లే పట్టి చూడుమంటిని. కలము రెండుసార్లు జారెను. మూడవసారి బొటనవ్రేలికిని నడిమి వ్రేలికిని నడుమ నిలిచినది. చెల్లెలి నోటుపుస్తకము చివరి పుటపై తన పేరు వ్రాసెను. అక్షరములు గాలికి వాలిన జొన్నపైరువలె ఒకవైపునకు ఒరిగినవి. తలకట్టు ఒకచోట, అక్షరము ఒకచోట. కాని చదువుటకు వచ్చినది. తల్లి వంటింటి గడపలో నిలిచి చూచుచుండెను, మాటాడలేదు.

ఇక బ్రౌను కథలో మిగిలినది కొంచెమే. 1916 సెప్టెంబరు 4వ తేదీన అతడును, చిరకాల ప్రత్యర్థి మాథ్యూసనును చికాగోలో కడసారి ఎదురెదురుగా నిలిచిరి. ఇద్దరికిని ప్రాయము మీరినది. చేతులలో పూర్వపు బలము లేదు. మాథ్యూసన్ పక్షము 10–8తో గెలిచెను. పెద్ద జట్లలో ఇద్దరికిని అదియే తుది ఆట. ఒకనాడు పరుగు పరుగునకు పోరాడినవారు ఆనాడు పరుగులను ధారపోసిరి. ఆ తరువాత బ్రౌను కొన్నేండ్లు చిన్న జట్లతో ఆడి, టెర్రె హోట్ పట్టణములో పెట్రోలు బంకు నడపుకొనుచు జీవించెను. 1948 ఫిబ్రవరి 14న అచ్చటనే మరణించెను. బేస్‌బాల్ ప్రముఖుల మందిరమున అతని పేరు చేర్చబడినది మరుసటి యేట, 1949లో. ఆ గౌరవమును అతడు కన్నులార చూడలేదు. గౌరవములు ఆలస్యముగా వచ్చుట పరిపాటి. నేర్పువారు ఆలస్యముగా వచ్చుట మాత్రము క్షంతవ్యము కాదు.

ఆ మరుసటి సోమవారము ప్రార్థన సభలో నేను అనుమతి వేడి మరల నిలిచితిని. గతవారము చెప్పిన చివరి వాక్యమును వెనుకకు తీసికొనుచున్నానంటిని. "వ్రేలు పోవుట మంచిది కాదు. ఎవరికిని పోకూడదు. యంత్రము తిరుగుచుండగా మేతను చేతితో లోపలికి త్రోయకుడు. మీ యింట చిన్నపిల్లలను దాని దరికి పోనీయకుడు. కాని పోయినవాని ప్రక్కన కూర్చుండువాడు ఒకడు ఉండవలెను" అని చెప్పి దిగితిని. ఈసారి చప్పట్లు లేవు. తొమ్మిదవ తరగతి వరుసలో ఆ బాలిక మాత్రము తల ఎత్తి చూచినది.

పిల్లలారా, మీరు మూడు భాషల నడుమ పెరుగుచున్నారు. ఇది వరమని ఇకమీదట నేను మీకు చెప్పను. కొన్ని దినములలో ఇది మీకు బరువుగనే యుండును. ఇది శాపమని ఎవరైన చెప్పినను నమ్మకుడు. ఇది మీ చేయి. దీనికి ఒదుగు పట్టును వెదకుకొనవలెను. దొరకువరకు అడుగుచునే యుండవలెను. తల్లిదండ్రులారా, మీ ప్రశ్నలను దాచుకొనక మమ్ము అడుగుడు. మేము ఉపన్యాసము లారంభించినచో ఆపుడు. తెలియనిది తెలియదని చెప్పుటకు మాకును అవకాశ మిండు.

ఆ తండ్రి అర్జీ నాకింకను అందలేదు. అందిన యెడల అడ్డుపడను. ఆమె ఎచ్చట చదివినను నా విద్యార్థినియే. ఆమె అన్న మాత్రము ప్రతి ఆదివారము తోటనుండి నేరుగా మా యింటికి వచ్చుచున్నాడు. పదవ తరగతి పరీక్షకు ప్రయివేటుగా కూర్చుండవలెనని కోరిక కలదు, ఇంకను నిశ్చయించుకొనలేదు. గడచిన వారము ఒక పుట నిండ వ్రాసినాడు. నాలుగవ పంక్తినుండి అక్షరములు కొంత నిటారుగా నిలిచినవి. పుట దిద్దుటకు ఎర్రసిరా కలము తీయబోయి, ఏమి తోచెనో, దానిని పక్కన పెట్టి, పెన్సిలు తీసికొంటిని.